ఆకుపచ్చ గీతకు కాపలా మనిషి

మా స్టోర్ బాపు పోయాడు. సోమవారం పొద్దున టీ బండి దగ్గర గేటు కాపలా ఆయన చెప్పాడు. "ఎర్కనా? బాపు పోయిండంట. నిన్న దవాఖానల." అంతే. సగం టీ పారబోసి, లారీ వస్తే గేటు తీయడానికి వెళ్లిపోయాడు. గగన్‌పహాడ్‌లోని మా అట్టపెట్టెల కంపెనీలో ఆ రోజు మిషన్లు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. నాకు గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

మాకు రెండు రకాల కాగితం రీళ్లు వస్తాయి. ఒకటి మామూలుది. రెండోది, నరికిన చోట మళ్లీ చెట్లు పెంచే అడవి నుంచి వచ్చిందని సర్టిఫికెట్ ఉన్నది. ఆ రెండో రకంతో చేసిన పెట్టెల మీదనే చిన్న చెట్టు ముద్ర వెయ్యాలి. రెండూ కలిసిపోకుండా గోదాము నేల మీద ఆకుపచ్చ రంగు గీత ఉంటుంది. సర్టిఫికెట్ రీళ్లు గీత లోపల, మామూలువి బయట. ఆ గీతకు కాపలా బాపు. రీలుకు అంటించిన చీటీ చదివి ఆయన సంతకం పెడితేనే అది మిషనెక్కేది.

చదివే ముందు చీటీని రెండు వేళ్లతో రుద్దడం ఆయన అలవాటు, దుమ్మున్నా లేకున్నా. గీత దాటేటప్పుడు చెప్పులు విడిచేవాడు. "ఏంది బాపూ, గుడి అనుకున్నవా?" అని మేం ఎగతాళి చేస్తే, "గుడి లేదు గిడి లేదు. బురద అంటితే కాయితం ఖరాబైతది" అనేవాడు.

నేను చదువుకున్నదంతా కరపత్రాల్లోనే. బస్టాండ్‌లో పంచినవి, మీటింగుల్లో కుర్చీల మీద వదిలేసినవి. ఒకసారి నేనే ఒకటి రాశాను, రోడ్డు పక్క చెట్లు కొట్టొద్దని. అందంగా ఉంటుందని కింద మా పెట్టెల మీది చెట్టు ముద్ర కూడా వేయించాను. గొప్పగా తీసుకెళ్లి బాపు చేతిలో పెట్టాను. ఆయన రెండు వేళ్లతో రుద్దాడు.

"ఏ రీలు కాయితం రా గిది?"

"నాకేమెర్క? జిరాక్స్ దుకాణంల కాయితం."

"మరి ముద్ర ఎందుకేసినవ్?"

"చెట్ల కోసమే గద బాపూ రాసింది!"

"రాసింది నిజమే. కింద బొమ్మ అబద్ధం. చదివేటోడు దేన్ని నమ్మాలె?"

నాకు ఒళ్లు మండింది. "ఈ ముద్రలన్నీ పెద్దోళ్ల నాటకం. ఆ అడవి ఎట్లుందో నువ్వు చూసినవా?" అని అరిచాను.

"చూడలే. అడవి సంగతి నాకెర్కలే పిలగా, ఈ గీత సంగతే ఎర్క. నా తీర్గనే ఆడ ఇంకొకడు ఉంటడు. ఆయన పని ఆయన చేస్తడు."

ఆ ఆదివారం ఇద్దరం షెడ్డు మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క కరపత్రం మీదా ముద్రను నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేశాం. ఎక్కువ ఆయనే కొట్టేశాడు. "నీది కోపం చెయ్యి. కాయితం చినుగుతది" అని నా దగ్గరివి కూడా లాక్కున్నాడు.

ఇక అసలు మాట. పోయిన వానాకాలం ఒక అర్జంటు ఆర్డర్ వచ్చింది. లారీ బయట ఆగి ఉంది, సర్టిఫికెట్ రీళ్లు చాలలేదు. బాపు అన్నానికి వెళ్లిన సమయంలో సూపర్‌వైజర్ రెండు మామూలు రీళ్లను గీత లోపలికి దొర్లించి, చీటీలు పీకి వేరేవి అంటించాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. చూశాను. బాపు వచ్చి చీటీ రుద్దితే ఇంకా ఆరని జిగురు వేళ్లకు అంటింది.

"ఇవి లోపలివి గావు సారూ. నేను సంతకం పెట్ట."

"నీ కండ్లు సక్కగ కనిపిస్తలేవు బాపూ. జర అద్దాలు మార్చుకో" అన్నాడు సూపర్‌వైజర్. అందరూ నవ్వారు. బాపు ఒక్కొక్కరి ముఖం చూస్తూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"నువ్వాడనే ఉన్నవ్ గద పిలగా. చూసినవా?"

"నేను చూడలే బాపూ."

ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పొచ్చు. చెప్పను. కరపత్రాల్లో అన్నేసి మాటలు రాసిన నాకు ఆ రోజు కావలసింది ఒక్క మాట. ఆయన పెన్నుకు మూత పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. సంతకం సూపర్‌వైజరే పెట్టాడు, పెట్టెలు ముద్రతోనే వెళ్లాయి. వారం తిరగకముందే, కళ్లు పోయాయని చెప్పి బాపును ఇంట్లో ఉండమన్నారు. విమానాశ్రయం పక్కనున్న ఆయన ఊరి దారిలో ఎన్నోసార్లు బండి మీద పోయాను. ఒక్కసారీ అటు తిప్పలేదు.

చావు కబురు విన్న మరునాడు, చూసింది చూసినట్టు రాసి మేనేజరుకు ఇచ్చాను. అప్పటి నుంచి మధ్యాహ్నం అన్నం దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. గోదాములో గీతను ఇప్పుడు అందరూ చెప్పులతోనే తొక్కుతున్నారు.

పదకొండో రోజున ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన భార్య, అవ్వ, ఒక్కతే ఉంది. "కండ్ల దవాఖానకు తీస్కపోయిన బిడ్డా. మంచిగనే ఉన్నయన్నరు. ఆయన నమ్మలే. కాయితం ముక్క కనపడితే సాలు, ఎండల పెట్టి అట్లిట్ల తిప్పి చూస్తుండె. 'నేనే తప్పు చూసిన్నేమో' అంటుండె" అంది.

అప్పుడు చెప్పాను. రీళ్లు దొర్లించింది, చీటీలు మార్చింది, నేను చూడలేదన్నది, అన్నీ.

"గప్పుడే ఒక్క మాటంటే ఏం పోతుండె బిడ్డా?"

తిట్టలేదు. అడిగింది.

ఆమె లేచి, దండ వేసిన ఫొటో ముందు నిలబడింది. "ఇన్నవా? నీ కండ్లకేం కాలేదంట. నువ్వు చూసిందే..." అంటుండగానే దిగే విమానం ఒకటి ఇంటి మీది నుంచి పోయింది. పైన రేకులు అదిరాయి, మిగతా మాట వినపడలేదు. చప్పుడు పూర్తిగా ఆగేదాకా అవ్వ అట్లాగే ఉంది. తరువాత ఫొటోకు ఇంకొంచెం దగ్గరికి జరిగి, మొదటి నుంచి మళ్లీ చెప్పింది.