తానం చేసి రావాలంట

వనపర్తి మార్కెట్లో అప్పుడే పీకిన పల్లికాయల మట్టివాసన తగిలితే ఇప్పటికీ తల దించుకుంటాను.

కోడేరులో అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. చర్చికి కొత్తగా వస్తున్న చెన్నమ్మత్త పల్లికాయలు పీకే చేను నుంచి నేరుగా వచ్చి, మట్టికాళ్లతోనే నా పక్కన చాపమీద కూర్చునేది. శుద్ధహృదయంతో దేవుని దగ్గరికి రావాలని సండేస్కూల్ టీచర్ చెబితే, నాకది స్నానం సంగతిగా అర్థమైంది. ముక్కు మూసుకుని, అందరూ వినేలా, "అత్తా, దేవుని దగ్గరికి తానం చేసి రావాలంట" అన్నాను.

ఆమె చీర అంచు పాదాలమీదికి లాక్కుంది. మరుసటి ఆదివారం రాలేదు.

అమ్మ నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. "తప్పయింది అత్తా, చర్చికి రా" అన్నాను.

"చిన్నపిల్లవు, నీకేం తెలుస్తది బిడ్డా. వస్తలే" అని నా తల నిమిరింది.

మళ్లీ ఎన్నడూ రాలేదు. దేవుడు నన్ను క్షమించే ఉంటాడు. కానీ పని వదిలి ఆయన కోసం ఉరికొచ్చిన మనిషిని ఆయన ముందు నుంచి లేపి పంపింది నేనే.