అమెరికా ఖర్చులు, మా గురువారం

అమెరికా కుటుంబాల ఇంటి ఖర్చులు తగ్గించే బాధ్యతను ఆస్ట్రేలియాలో, పెర్త్ నగరంలో ఇద్దరు అంకుల్స్ భుజాన వేసుకున్నారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. ఒకాయన గనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇల్లు మా పక్క వీధే. రెండో ఆయన డాక్టరు, పక్క పేట పియారా వాటర్స్ నుంచి వస్తారు. నెలకో ఆదివారం హారిస్‌డేల్‌లోని మా అక్కావాళ్ళ ఇంటి వెనక పేషియోలో అందరం భోజనాలకు కలుస్తాం. ఎవరి వంటకం వాళ్ళు తెస్తారు, ఎవరి అభిప్రాయం వాళ్ళు తెస్తారు. వంటకాలు మాత్రం అయిపోతాయి. నేను యూనివర్సిటీలో చదువుతూ అక్క దగ్గరే ఉంటాను కాబట్టి కుర్చీలు వేసే శాఖ నాది.

ఆ ఆదివారం అక్క మనసు అమెరికా మీద లేదు. ఆమె ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పాప పుట్టాక వారానికి మూడు రోజులే చేస్తోంది. ఇప్పుడు సీనియర్ పోస్టు ఇస్తామన్నారు, గురువారం కూడా రాగలిగితేనే. సోమవారం పొద్దున్నకల్లా చెప్పాలి. మూడేళ్ళుగా ఆమె ఎదురుచూసిన కబురు అది. డేకేర్‌లో పాపకు మూడు రోజులే సీటుంది. గురువారానికి వెయిటింగ్ లిస్టు. బావ రెండు వారాలు గనిలో, ఒక వారం ఇంట్లో ఉంటాడు. నాకు గురువారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ల్యాబ్. మిగతా రోజుల్లోనైనా పాపను నా మీద వదిలే ధైర్యం అక్కకు లేదనుకోండి.

భోజనాలు ఆలస్యమయ్యాయి. మా ఇంట్లో మధ్యాహ్నం కొన్ని గంటలు కరెంటు చవక. బట్టల ఉతుకు, గిన్నెలు, కారు చార్జింగు, అన్నీ ఆ వేళకే జరగాలని బావ ఆర్డరు. ఆ రోజు వంట కూడా ఆ జాబితాలోకి వెళ్ళింది. అందరూ ఆకలిని కూడా ఆపి కూర్చున్నారు. టీవీలో అమెరికా వార్తలు నడుస్తున్నాయి.

"ఇళ్ళు కట్టనివ్వాలండీ. పర్మిషన్లు సులువు చేస్తే ఇళ్ళు పెరుగుతాయి, అద్దెలు వాటంతటవే దిగుతాయి," అన్నారు ఇంజనీరు అంకుల్.

"దిగేలోపు వాళ్ళేం తింటారు? పిల్లలున్నవాళ్ళకి నెలనెలా చేతికి డబ్బివ్వాలి. మందుల రేట్లు గవర్నమెంటే బేరమాడాలి. ఇక్కడ ఆడట్లేదా?" అన్నారు డాక్టరు అంకుల్.

దిగుమతి సుంకాలు తగ్గించాలన్న చోట మాత్రం ఇద్దరూ ఏకమయ్యారు. ఆ వెంటనే ఇబ్బందిగా కుర్చీల్లో సర్దుకున్నారు.

"ఫోన్ చేసి వాళ్ళకి చెప్పమంటారా అంకుల్?" అన్నాను.

"ఇప్పుడు వద్దు, వాళ్ళకి రాత్రి," అన్నారు ఇంజనీరు అంకుల్, ఏమాత్రం నవ్వకుండా. మళ్ళీ డాక్టరు వైపు తిరిగారు. "డేకేర్ సంగతే చూడండి. సీట్లు పెంచకుండా సబ్సిడీ పెంచారనుకోండి, ఫీజు పెరుగుతుంది తప్ప పిల్లకి చోటు రాదు. గది కావాలి, చూసే మనిషి కావాలి. సప్లై, డాక్టర్‌గారూ, సప్లై."

సరిగ్గా అప్పుడే లోపల ఓవెన్, వాషింగ్ మెషిన్, డిష్‌వాషర్, ఇంజనీరు అంకుల్ భార్య తెచ్చిన ఎయిర్ ఫ్రయర్, బయట కారు చార్జరు, అన్నీ ఒక్కసారే పొదుపు చేశాయి. ఇంట్లో కరెంటు ఠక్కున పోయింది. టీవీ ఆగింది, ఫ్యాన్ ఆగింది. బావ గోడ పక్కనున్న స్విచ్‌ల బాక్సు దగ్గరికి పరుగెత్తాడు.

అక్క ప్లేట్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"అంకుల్, మా డేకేర్‌లో గురువారం సీటు లేదు. రేపు పొద్దున్న నేను హాస్పిటల్‌కి ఆన్సర్ చెప్పాలి. ఈ గురువారానికి సప్లై ఎవరు పెంచుతారు?"

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. డాక్టరు అంకుల్ మంచినీళ్ళు తాగారు.

"ఈయనకి గురువారం ఖాళీయే," అంది ఇంజనీరు అంకుల్ భార్య, లోపల్నుంచి. "మిగతా ఆరు రోజులూ ఖాళీయే."

"నాకు పిల్లల్ని చూసిన ఎక్స్‌పీరియెన్స్ లేదమ్మా," అన్నారాయన.

"అది మాత్రం నిజం. మా ఇద్దరు పిల్లలూ ఈయన గనిలో ఉండగానే పెద్దాళ్ళైపోయారు."

ఆంటీ నవ్వుతూనే అంది. ఆయన మాత్రం నవ్వలేదు. కాసేపు బల్ల మీద గుడ్డ మడతలు సరిచేశారు.

"పాపకి తెలుగు అర్థమవుతుందా?" అని అడిగారు చివరికి.

"అవుతుంది. రిప్లై ఇంగ్లీషులో వస్తుంది. మధ్యాహ్నం నిద్రపుచ్చాలి అంకుల్, అదే కష్టం."

"దానికేం, ఈయన మాట్లాడితే చాలు," అంది ఆంటీ.

"లంచ్ నేను పంపిస్తా," అన్నారు డాక్టరు అంకుల్. "సబ్సిడీ నాది."

అక్క సోమవారం పొద్దున్న ఒప్పుకుంటున్నట్టు మెయిల్ పంపింది. పంపే ముందు నాలుగుసార్లు చదివింది; మెయిల్లో ఉన్నవి రెండే వాక్యాలు. తమ ఏర్పాటును పాలసీ అనకూడదని ఇంజనీరు అంకుల్ అందరికీ ఫోన్ చేసి మరీ చెప్పారు. "ప్రతి వీధికీ ఒక రిటైరైనవాణ్ణి గవర్నమెంటు పంచలేదు కదా. సీట్లు పెంచాల్సిందే," అన్నారు. ఆ మాటలో నాకూ తప్పేం కనిపించలేదు. అంకుల్స్‌ని వెక్కిరించడమే వృత్తిగా పెట్టుకున్న నాకు అది నష్టమే.

మొదటి గురువారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేస్తే, "మేం పనిలో ఉన్నామమ్మా," అని అంకుల్ పెట్టేశారట. సాయంత్రం నేను ల్యాబ్ నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళేసరికి, పాపా ఆయనా నేల మీద ప్లాస్టిక్ డబ్బాలతో ఏదో కడుతున్నారు. ఆయన చొక్కా మీద పెరుగన్నం ఉంది. కాసేపటికి అక్క యూనిఫాంలోనే వచ్చి, ఇంటికి వెళ్దాం రమ్మంది.

"నాట్ యెట్," అంది పాప, తల ఎత్తకుండా.

అక్క బ్యాగ్ కింద పెట్టి తనూ నేల మీదే కూర్చుంది. పాప ఏం తిన్నదో, ఎంతసేపు పడుకుందో ఆమె అడిగేలోపే ఆయన అడిగారు, "నీకెలా గడిచిందమ్మా ఇవాళ?"

మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన ఆ రోజు మొదటిసారి ఊతం లేకుండా గది దాటాడని అక్క చెప్పింది. ఎలా నడిచాడో లేచి నడిచి చూపించింది కూడా. ఆమె అంత హుషారుగా ఉద్యోగం గురించి మాట్లాడి చాలా కాలమైంది. అంకుల్ అంతా విన్నారు. మధ్యలో ఒక్క సలహా ఇవ్వలేదు.

ఒంట్లో బాలేదేమోనని నాకు కంగారు పుట్టి, మంచినీళ్ళేమైనా కావాలా అని ఆయన్ని అడిగాను.