బిచ్యా పదకొండో నెల

బిచ్యా డాంగిల్‌ను రౌటర్ నుంచి లాగుతాడు. దాని మూతి మీద రెండుసార్లు ఊదుతాడు. కుడి కంటికి ఒకసారి, ఎడమ కంటికి ఒకసారి అద్దుకుని మళ్ళీ గుచ్చుతాడు. సిగ్నల్ లేనప్పుడు ఇలా చేస్తాడు. ఉన్నప్పుడూ ఇలాగే చేస్తాడు.

అతనికి నలభై ఆరేళ్ళు. భద్రాచలం నుంచి బయల్దేరి, పర్ణశాల దాటి అడవి ఊళ్ళు తిరిగే ఒక ట్రస్టు మందుల వ్యానులో అటెండరు. వ్యానులో డాక్టరు ఉండరు. డాక్టరమ్మ నిర్మలాదేవి ఖమ్మంలో ఒక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటారు. రోగిని తెర మీద చూసి మందు రాస్తారు. వ్యానులోని మందుల పెట్టెకు నంబరు తాళం. ఆమె రాసిన మందుకు కంప్యూటర్ ఒప్పుకుంటేనే ఆ నంబరు వస్తుంది. దానికి నెట్ కావాలి. అడవిలో నెట్ పట్టడమే బిచ్యా ఉద్యోగం.

సబ్బుబిళ్ళంత ట్రావెల్ రౌటర్, దానికి గుచ్చే డాంగిల్, రెండింటికీ కరెంటు ఇచ్చే పవర్ బ్యాంకు. మొదటి వానాకాలం వాటిని తడవకుండా స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించాడు. నెట్ కూడా డబ్బాలోనే ఉండిపోయింది. తర్వాత ఒక ఊళ్ళో నీళ్ళు మోసుకునే సొరకాయ బుర్ర ఒకటి అడిగి తెచ్చుకుని, పక్కన కోసి, మూడింటినీ అందులో సర్దాడు. బుర్రను వెదురు గడ చివర కట్టాడు. గుట్ట ఎక్కి గడ నిలబెడితే గోదావరి అవతలి టవర్ నుంచి రెండు గీతలు వస్తాయి.

గీతలు గుట్ట మీదే వస్తాయి. రోగులు గుట్ట కింద ఉంటారు. రౌటర్ వైఫై ముప్పై అడుగులు దాటదు. గుట్ట ఎక్కగలిగినవాళ్ళకు డాక్టరుతో పని ఉండదు.

అందుకని రోగాన్ని బిచ్యా మోసేవాడు. రోగి ఎదురుగా గొంతుక్కూర్చుని చెప్పిందంతా వింటాడు. విన్నది తిరిగి చెబుతాడు. రోగి 'అవ్' అనేదాకా చెబుతాడు. నాలుక చూస్తాడు. కాళ్ళ వాపు వేలితో నొక్కి, గుంట ఎంతసేపు ఉంటుందో చూస్తాడు. ఆ తర్వాత గుట్ట దిగేదాకా డాక్టరమ్మతో తప్ప మరెవరితోనూ మాట్లాడడు. మాట్లాడితే ఒకరి రోగం ఇంకొకరి రోగంలో కలిసిపోతుందని అతని భయం. మోకాళ్ళ నొప్పి మోస్తున్న రోజున కుంటుతూ ఎక్కుతాడు.

"నాలుక చూపించు" అనేవారు డాక్టరమ్మ.

బిచ్యా చూపించేవాడు.

"నీది కాదయ్యా, పేషెంటుది."

"ఆమెది గింతకన్న తెల్లగుంది మేడం. నాది చూసి అందాజ పట్టుకోండ్రి."

ఏడాది గడిచేసరికి డాక్టరమ్మ ఆ మాట అడగడం మానేశారు. బిచ్యా నాలుక ఆమెకు కొలత అయింది.

వేసవిలో ఆఫీసు కొత్త డాంగిల్ పంపింది. పాతదానిలో సిమ్ కార్డు ఉండేది. కొత్తదానికి కార్డు పెట్టే చోటే లేదు. వ్యాను డ్రైవర్ కోటేష్ దాన్ని నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"సిమ్ము యాడ పెట్టాలె అన్నా?"

"గిది ఇ-సిమ్మంట. లోపలనే ఉంటదంట."

"లోపల యాడ?"

"కనపడదంట."

"మరి పోతే ఎట్ల తెలుస్తది?"

బిచ్యా దాని మూతి మీద ఊదాడు. "పోయినంక తెలుస్తది."

ఇ-సిమ్ ఇవ్వాలంటే ఒక ఆధార్, ఒక ముఖం కావాలి. వ్యానుకు ముఖం లేదు. ఆఫీసువాళ్ళు బిచ్యాను గోడకు నిలబెట్టి ఫొటో తీసి అతని పేరు మీద ఇచ్చారు. కొత్త పద్ధతి ప్రకారం ఏ ఇ-సిమ్ నుంచి కాల్ వస్తే ఆ ఇ-సిమ్ మనిషే రోగి. తెర మీద కనిపించేదీ అదే ముఖం కాబట్టి కంప్యూటర్‌కు అనుమానం రాలేదు. నాలుగు నెలల్లో బిచ్యా పేరు మీద పదిహేడు మలేరియాలు, ఆరు తేలు కాట్లు, ఒక కంటి పొర, రెండు చెవుల్లో చీము చేరాయి. అతను మాత్రం రోజూ డ్యూటీకి వస్తూనే ఉన్నాడు.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం వ్యాను కొండమ్మ ఊరికి వెళ్ళింది. కొండమ్మకు అరవై ఏళ్ళు. ఒక్కతే ఉంటుంది. మూర్ఛరోగం. గోలీలు వేసుకున్నన్నాళ్ళు మామూలు మనిషి. రెండు రోజులు మానితే పడిపోతుంది. పోయిన ఏడాది అలా మానిన రోజుల్లో పొయ్యి పక్కన పడి చెయ్యి కాల్చుకుంది. ఇప్పుడు ఆమె చేతిలోని రేకులో రెండు గోలీలు మిగిలాయి. ఒకటి ఆ రాత్రికి, ఒకటి తెల్లారికి. వ్యాను మళ్ళీ వచ్చేది నెల తర్వాతే.

"జల్దీ రా తమ్మీ" అంది కొండమ్మ. బిచ్యా తలూపాడు. అప్పటికే మోస్తున్నాడు కనుక మాట్లాడలేదు.

గుట్ట మీద గడ నిలిపాడు. రెండు గీతలు వచ్చాయి. డాక్టరమ్మ ఫోను తెర మీదికి వచ్చి, విని, రాసి, ఆగిపోయారు.

"ఈ గోలీ ఇవ్వనంటోంది బిచ్యా."

"ఎవలు మేడం?"

"కంప్యూటర్. ఈ నెల నుంచి పాత రికార్డులన్నీ కలిపి చూస్తోంది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ గోలీ ఇవ్వకూడదు."

"కొండమ్మకు అరవై ఏండ్లు మేడం!"

"కొండమ్మ కాదు. నువ్వు."

బిచ్యా గడను గట్టిగా పట్టుకున్నాడు.

"ఎన్నో నెల?"

"పదకొండు."

"గిన్ని దినాలు ఒక్కలు గూడ చెప్పలే" అన్నాడు బిచ్యా.

వేసవిలో ఇదే ఊరి కోడలు సంగీత ఏడో నెలలో కాళ్ళు వాచి వ్యాను దగ్గరికి వచ్చింది. ఆమె వాపునూ, కడుపునూ బిచ్యా గుట్ట మీదికి మోశాడు. కాన్పు తర్వాత ఆ రికార్డు మూయడం ఎవరికీ తోచలేదు. సంగీత కాన్పు అయి రెండు నెలలైంది. బిచ్యాది ఇంకా కాలేదు.

"తీసేయుండ్రి మేడం."

"నేను తియ్యలేను. పెద్దాఫీసు నుంచి లెటర్ రావాలి. పదిహేను రోజులు పడుతుంది."

"ఆమె కాడ రెండే గోలీలున్నయి మేడం."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒకటే దారి. కాన్పు అయినట్టు రాస్తే దానంతట అదే మూసుకుంటుంది."

"కానిది అయినట్టు ఎట్ల రాస్తం?"

ఇన్నేళ్ళలో ఒక జ్వరానికి ఒక డిగ్రీ కూడా అతను కలిపి చెప్పలేదు. కింద వ్యాను నీడలో కొండమ్మ చేతిలో రేకు పట్టుకుని కూర్చుని ఉంది. బిచ్యా ఆమె వైపు చూశాడు.

"అయ్యింది మేడం" అన్నాడు చివరికి. "మోసిన కడుపైతే అదే గద. రాసుకోండ్రి."

"ఎక్కడ?"

"భద్రాచలం దవాఖానల."

"మామూలు కాన్పేనా?"

"మామూలే."

"ఎవరు పుట్టారు?"

"ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. పుట్టంగనే ఏడ్చింది."

"తల్లి ఎలా ఉంది?"

బిచ్యా తనను తాను చూసుకున్నాడు. "జర ఆయాసముంది మేడం. గుట్ట ఎక్కిన గద."

కింది నుంచి కోటేష్ కేకేశాడు. "ఏమాయెనే?"

గుట్ట మీద అతను ఎప్పుడూ బదులివ్వడు. ఆ రోజు ఇచ్చాడు.

"ఆడపిల్ల!"

"ఎవలికి?"

"నాకే!"

కోటేష్ వెళ్ళి మందుల పెట్టె దగ్గర నిలబడ్డాడు.

కంప్యూటర్ తల్లి ముఖం చూపమంది. బిచ్యా చూపించాడు. నవ్వుతున్నందుకు ఒకసారి వద్దంది. నవ్వకుండా మళ్ళీ చూపించాడు. పవర్ బ్యాంకులో చివరి లైటు మిణుకుతుండగా నాలుగంకెల నంబరు వచ్చింది. అతను ఒక్కో అంకెనూ గుట్ట మీది నుంచి అరిచాడు. కింద పెట్టె తెరుచుకుంది.

కొండమ్మ నెల గోలీలు కొంగున ముడేసుకుంది.

"పైన ఎవలో పుట్టిన్రంటగ తమ్మీ?"

"అవ్ అక్కా. మంచిగనే అయ్యింది."

"తల్లి యాడుంది?"

"నీ ముంగటనే."

కొండమ్మ అతన్ని కింది నుంచి పైకి చూసింది. ఇంట్లోకి వెళ్ళి వేడన్నంలో వెల్లుల్లి కారం కలిపి తెచ్చింది. ఆకలిగా ఉంది కనుక బిచ్యా తిన్నాడు.

మరునాడు పొద్దున వ్యాను దగ్గర ఉండగా అతని ఫోనుకు ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. కోటేష్ చదివాడు.

"నీకు ఆర్నెల్లు ప్రసూతి సెలవంట. పది గంటల లోపల ఒప్పుకోవాల్నంట."

"ఒప్పుకోకుంటే?"

"కాన్పు రద్దంట."

"రద్దయితే?"

"మల్ల కడుపుతోని ఉంటవ్."

బిచ్యాకు కొండమ్మ వచ్చే నెల గోలీలు గుర్తొచ్చాయి. ఒప్పుకుంటున్నానని నొక్కి, గడను వ్యాను పైన కట్టాడు. సొరకాయ బుర్ర పట్టుకుని ముందు సీటు తలుపు తీశాడు.

"బాలింతవు, ముంగట గాలి కొడ్తది. ఎనక కూసో" అన్నాడు కోటేష్.

బిచ్యా వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. తువ్వాలు చెవుల మీదుగా కట్టుకుని అద్దం పైకెత్తాడు.

"ఇయ్యాల ఏ ఊరు?" అని అడిగాడు.