మామ బిగించిన మృదంగం

పోయిన నెల కర్నూలులో నా స్కూటరుకు దగ్గు పట్టుకుంది. మెకానిక్ కాసేపు చెవి ఒగ్గి విని, "జబ్బేమీ లేదు సార్, ట్యూనింగ్ తప్పింది, అంతే" అన్నాడు. ఇన్నేళ్ళుగా కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నాను గానీ ఆ మాటను నేనెన్నడూ విప్పి చూడలేదు. మరుసటి రోజు పిల్లలు రాని తరగతి ఒకటి దొరికింది. అటువంటి తరగతులకు మా కాలేజీలో కొదవ లేదు. లైబ్రరీలో కూర్చుని నిఘంటువు తీశాను. ట్యూన్ అన్నది టోన్ అనే మాటకు మారురూపమట. అది లాటిన్ నుంచి వచ్చింది, లాటిన్‌కు గ్రీకు నుంచి వచ్చింది. గ్రీకువాళ్ళ దగ్గర దానికి అసలు అర్థం సంగీతం కాదు, లాగి బిగించడం. బిగిస్తే పలికేది స్వరమైంది, స్వరాలు కలిస్తే వరస అయింది. పోను పోను రేడియో ముల్లు తిప్పడానికీ, స్కూటరు దగ్గు మాన్పడానికీ, మనిషికి మనిషి కుదరడానికీ అదే మాట చాలింది. అంత దూరం నడిచి వచ్చిన మాటను చూసి అబ్బురపడవలసింది పోయి, నేను కమలాపురంలోని మా మామను తలుచుకుని పుస్తకం మూసేశాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఊళ్ళో రాములవారి గుళ్ళో శనివారం సాయంత్రం భజన జరుగుతుంది. అందులో మృదంగం ఆయనది. పాడేది గుడ్డలంగడి శెట్టి. హార్మోనియం మా చిన్నమ్మ భర్త, మా చిన్నాయనది. ఆయన మంగంపేట గనుల నుంచి లారీ తోలి తోలి రిటైరై, ఆ చేతులతోనే హార్మోనియం పట్టుకున్నాడు. సెలవులకు, కుదిరిన శనివారాలకు వెళ్ళినప్పుడు నాకు తాళాలు ఇచ్చేవారు. తాళాలకు శ్రుతితో పని లేదని అందరికీ తెలుసు. ఎక్కడైనా హార్మోనియం శ్రుతి ఇస్తే మృదంగాన్ని దానికి తగ్గట్టు బిగిస్తారు. మా ఊళ్ళో తిరగబడింది. మృదంగం మా మామ తాతల నాటి నుంచి ఉంది, హార్మోనియం నిన్న మొన్న చందా వేసి కొన్నది. తర్వాత వచ్చినోడే సర్దుకోవాలన్నది మా వైపు న్యాయం, కొత్త కోడలికీ అదే, హార్మోనియానికీ అదే. మామ రాయితో మూత అంచు చుట్టూ తట్టి, వేలితో మీటి, తల వంచి విని, "ఊఁ" అంటే చిన్నాయన ఆ మోతకు సరిపోయే మెట్టు వెతుక్కునేవాడు. శెట్టి ఆ మెట్టు మీద గొంతెత్తేవాడు. ఎన్నో ఏళ్ళు అది ఒకటో శ్రుతిలోనే ఉండేది, శెట్టి గొంతుకు హాయిగా.

మామకు వినికిడి ఎప్పుడు తగ్గడం మొదలైందో ఎవరూ సరిగా చెప్పలేరు. ఆయన లెక్కలో ఆయన చెవులకు ఏమీ కాలేదు, లోకానికే గొంతు పోయింది. "ఈ కాలమోళ్ళు మాట్లాడతాండారో, తమలపాకు నములుతాండారో తెలీడంలా" అనేవాడు. కూతురు కడపలో చెవి మిషను కొనిచ్చింది. అది చెవిటోళ్ళు పెట్టుకునేదని, దాన్ని భద్రంగా పెట్టెలో దాచాడు. వయసుతో ముందుగా పోయేవి సన్నని మోతలేనట. బిగించిన తోలు ఖంగుమనే ఆ మోత ఆయన దాకా చేరడం లేదు. చేరకపోతే ఏమనుకుంటాడు, మూత వదులైందనుకున్నాడు. ఇంకాస్త బిగించాడు.

అట్లా భజన పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఒకటి ఒకటిన్నర అయింది, ఆ ఎండాకాలానికి రెండు అయింది. చిన్నాయన కిమ్మనకుండా మెట్టు మార్చుకుంటూ పోయాడు. లారీ ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు డ్రైవరు ఎవరితోనూ వాదించడు కదా. శెట్టికి మాత్రం మెడ నరాలు ఉబ్బేవి. చరణం ఎత్తుకునేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు, కొత్తవాళ్ళు దాన్ని భక్తి అనుకునేవారు. రెండున్నరకు చేరిన శనివారం గుడి బయట చెప్పులు వేసుకుంటూ ఆయన చిన్నాయనను నిలదీశాడు.

"ఇంకెంత దూరం పోతావప్పా? నాకు గొంతులో మంట పుడతాండాది."

"నన్నంటావేంది? ఆడ బిగిస్తాండేది ఆయప్ప. నేను టాప్ గేరులో ఉండా, ఇంక గేరు ల్యా."

"ఒక మాట చెప్పరాదా?"

"నువ్వు చెప్పు. అంగట్లో పొద్దంతా మాట్లాడేవాడివి."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను తాళాలు సంచిలో వేసుకున్నాను.

చెప్పడం అంత తేలిక కాదు. మోకాళ్ళ నొప్పులతో మామ పొలం కౌలుకిచ్చేశాడు. శనివారం కోసమే మిగతా వారమంతా గడిపేవాడు. శుక్రవారమే మృదంగం గవిసెన ఉతికించి ఆరేయించేవాడు. నీకు వినపడటం లేదు మామా అంటే ఆయన ఒక్క మాట అనడు, మృదంగం అటకెక్కించి, మళ్ళీ ఆ గుడి మెట్టు తొక్కడు. అది అందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువగా మా అత్తకు తెలుసు. అయినా ఆమే నన్ను పట్టుకుంది. "నువ్వు కాలేజీలో చెప్పేవాడివి నాయనా, నీ మాటయితే వింటాడు. తోలు చినిగి నలుగురిలో తెలిసేకన్నా, ఇంట్లో మన నోటితో తెలియడం మేలు కదా" అంది. కాలేజీలో నా మాట ఎవరు వింటారో ఆమెకు తెలియదు.

అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను. నేరుగా విషయానికి రావడం మా వృత్తిలో లేదు. శ్రుతి గురించి, బిగింపు గురించి ఏవేవో మొదలుపెట్టాను. మెల్లగా చెబితే వినపడదు, గట్టిగా చెబితే వీధంతా వింటుంది. ఎదురింటావిడ బియ్యం చాటతో సహా గడపలోకి వచ్చి నిలబడింది. "శ్రుతి అంటే బిగించడమే కదా మామా" అని అరిచాను.

"బిగించడం కాకపోతే ఇంకేంది?" అన్నాడు మామ.

"మరి ఎంతవరకు బిగించాల?"

"అది తోలును అడగల్ల. మనల్ని అడిగితే ఎట్లా?" అని, మళ్ళీ తనే, "ఈ మధ్య తోళ్ళు మంచివి రావడంలా అల్లుడా. ఎంత బిగించినా వదిలేస్తాండాయి. నీకేమన్నా అనిపించిందా?" అని అడిగాడు.

అదే సందు. నేను దూరాల్సిన సందు. "కాఫీ తాగుదామా మామా" అన్నాను. అది మాత్రం ఆయనకు స్పష్టంగా వినపడింది.

ఆ తర్వాతి శనివారం రెండో కీర్తనలో తోలు చినిగింది. పటుక్కుమన్న చప్పుడు గుడంతా వినపడింది. మామకు వినపడలేదు, అరచేతికి తెలిసింది. ఎత్తుకున్న కీర్తన మధ్యలో ఆపకూడదు కాబట్టి శెట్టి ఆపలేదు, చిన్నాయనా ఆపలేదు. మామ చిరుగును ఒకసారి తడిమి చూసి, మృదంగం పక్కకు జరిపి, తొడ మీద తాళం వేస్తూ చివరి దాకా మాతో వచ్చాడు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. కీర్తన అయ్యాక మామ శెట్టి మెడ వైపు, చిన్నాయన వేళ్ళు ఉన్న మెట్టు వైపు చూశాడు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

అన్నాళ్ళూ నోరు మెదపని మేమంతా ఒక్కసారిగా చెప్పేశాం. శెట్టి ఏదో అన్నాడు, చిన్నాయన ఏదో అన్నాడు, నేనూ అన్నాను. కానీ సిగ్గుతో చెప్పే మాటను ఎవరూ అరిచి చెప్పరు. ఆయన మా పెదవులను ఒక్కొక్కటిగా చూసి, "సరేలే. హారతి ఇయ్యండి" అన్నాడు.

అత్త భయపడినట్టు ఆయన భజన మానలేదు. మృదంగం మానాడు. తోలు మార్పించి గుడికే ఇచ్చేసి, స్తంభానికి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. రాయచోటి నుంచి బదిలీ మీద వచ్చిన డ్రాయింగు మాస్టరొకాయనకు వాయించడం వచ్చు. మొదటి శనివారం ఆయన పద్ధతిగా హార్మోనియం ఒకటో శ్రుతి అడిగి దానికి బిగించాడు. శెట్టి గొంతెత్తాడు. ఎత్తి, ఆపేశాడు. మళ్ళీ ఎత్తాడు. హాయిగా ఉండవలసిన ఆ శ్రుతిలో ఆయన గొంతు నిలబడటం లేదు, వెనక పాడేవాళ్ళకూ వరస దొరకలేదు.

"ఇది మన పాట మాదిరి లేదే" అన్నాడు శెట్టి ఇబ్బందిగా. "కొంచెం బిగించప్పా."

మాస్టరు రాయి తీసుకున్నాడు. చిన్నాయన ఎవరూ అడగకముందే రెండున్నర మెట్టు మీద వేలు పెట్టి పట్టుకున్నాడు. మాస్టరు తడుతున్నాడు, మీటుతున్నాడు, ఇంకా కాలేదని చిన్నాయన తల అడ్డంగా ఊపుతున్నాడు. స్తంభం దగ్గర్నుంచి ఆ చేతినే చూస్తున్న మామ అన్నాడు, "చాల్లేప్పా, ఇంక తోలు తట్టుకోల్యాదు."

ఎవరూ వినలేదు. మేమిప్పటికీ ఆ రెండున్నరలోనే పాడుతున్నాం. దిగుదామని ప్రతి శనివారం అనుకుంటాం. కాలం ఒకసారి ఎక్కించిన చోటి నుంచి ఎట్లా దిగాలో మా ఊళ్ళో ఎవరికీ తెలిసినట్టు లేదు.