కోసాడ్ నుంచి వచ్చిన ఒక్క జవాబు

ఒక వాక్యాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. పొడవైనదేమీ కాదు. "ఎవరూ జవాబు ఇవ్వలేదు." రాసింది నేను. అది అబద్ధమని తెలిసింది కూడా నా ఒక్కడికే. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక. దేవుడికి కూడా దీన్ని నోరు తెరిచి చెప్పలేదు. ఆయనకు తెలుసులే అని సరిపెట్టుకున్నాను. తెలిసినవాడికైనా చెప్పుకోవడం వేరు, తెలుసులే అని ఊరుకోవడం వేరు. ఇది అర్థం కావడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

సూరత్‌లో పుట్టి పెరిగాను. మా నాయన కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ మరమగ్గాలు నడిపాడు. ఇల్లు అమ్రోలిలో. మగ్గం చప్పుడుకు నిద్రపోయి, అది ఆగితే ఉలిక్కిపడి లేచే పిల్లలం మేము. నా ప్రోగ్రాం ఆ చప్పుడులోంచే పుట్టింది. బట్ట మీద పువ్వు పడాలంటే మగ్గం పైనుండే జకార్డుకు చిల్లుల అట్టలు కావాలి. ఏ పోగు లేవాలో ఏ పోగు ఆగాలో ఆ చిల్లులే చెబుతాయి. కాగితం మీది బొమ్మను చూసి, అట్ట మీద చిల్లు ఎక్కడెక్కడ పడాలో తేల్చేది నా ప్రోగ్రాం. దాన్ని ఎవరికీ అమ్మలేదు. కోడ్ అంతా ఇంటర్నెట్‌లో బయటే పెట్టాను. కావలసినవాళ్లు తీసుకోవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. నేను ఎన్నడూ చూడని దేశాల నేతగాళ్లు దాన్ని వాడుతున్నారు. నలుగురైదుగురు నాతో కలిసి పనిచేస్తారు. గర్వమా? అవును. తప్పు ఒప్పుకోవడానికే కూర్చున్నాను గాని ఈ గర్వాన్ని వదులుకోను. మగ్గాలవాడి కొడుకు చేసిన పని అది.

నాకు ఇంకో గర్వం మా సత్సంగం. మావాళ్లు కట్టుకున్న గుడి మేడ మీద ప్రతి శనివారం సాయంత్రం పారాయణం. అక్షరాల కంటే ముందు శ్లోకాలు నేర్చింది అక్కడే. భక్తిలో మొదటి మెట్టు వినడం అని విన్నదీ అక్కడే. మావాళ్లు పన్నెండు గంటల పాళీలు చేసేవాళ్లు. పాళీ దిగి, చేతుల నూనె కడుక్కుని వచ్చేసరికి ఆలస్యమవుతుంది. అందుకని పెద్దలు ఒక ఆచారం పెట్టారు. హారతి వెలిగించే ముందు ఒకరు మెట్ల దగ్గర నిలబడి మూడుసార్లు అడగాలి, "ఇంకెవరన్న ఉన్నరా?" అని. కింద నుంచి ఒక్క గొంతు "ఉన్న" అన్నా హారతి ఆగాలి. ఆ ఒక్కడు చెప్పులు విప్పి పైకి వచ్చాకే కర్పూరం. పెళ్లి కాకముందు నుంచీ ఆ అడిగే పని నాది.

ప్రోగ్రాంలోంచి దేన్నైనా తీసేయాలంటే ఏం చేయాలని మా జట్టులో ఒకసారి వాదన వచ్చింది. నేను ఈ ఆచారమే చెప్పాను. వారానికొకసారి, మూడు వారాలు, అందరికీ కనబడేలా అడుగుదాం. ఉన్నామని ఒక్కరు అన్నా ఆగుదాం. అందరూ ఒప్పుకున్నారు. ఇది నీకెలా తట్టిందని ఒకాయన అడిగితే మా గుడి మెట్ల సంగతి రాశాను. ఆ రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు. మా పెద్దల మర్యాద సముద్రాలు దాటింది కదా.

కరోనా రెండో ఏట ఆ నియమానికి పని పడింది. పాత కంప్యూటర్లలో ముప్పై రెండు బిట్ల ప్రాసెసర్లు ఉంటాయి, కొత్తవాటిలో అరవై నాలుగు. రెండు రకాలకూ నడవాలంటే ప్రతి కొత్త వెర్షన్‌నూ రెండుసార్లు తయారు చేయాలి, రెండుసార్లు పరీక్షించాలి. పాతవాటిని వదిలేద్దామని జట్టు అంది. నా మనసులోనూ అదే ఉంది. నియమం ప్రకారం అడిగాను. రెండు వారాలు ఎవరూ పలకలేదు. మూడో వారం నా ఫోన్ మోగింది.

నర్సయ్య కాక. సత్సంగంలో మద్దెల వాయించేది ఆయనే. మా అమ్రోలి పక్కనే కోసాడ్ కాలనీలో, ఇంటి ముందు గదిలో, అట్టలకు చిల్లులు కొట్టి మగ్గాలవాళ్లకు ఇచ్చేవాడు. చిల్లులు కొట్టే యంత్రం తీగ ఆయన పాత కంప్యూటర్‌కు తప్ప మరోదానికి పట్టదు. నా ప్రోగ్రాంను అందరికంటే ముందు వాడింది ఆయన. మొదటి రోజుల్లో తప్పు చిల్లులను వేలితో తడిమి పట్టుకున్నది ఆయన.

"బిడ్డా, పాత మిషిన్ ఎవరన్న నడుపుతున్నరా అని అడిగినవంట గదా. మా కోడలు సదివి చెప్పింది."

"అవ్ కాక."

"నేను నడుపుతున్న. రాస్కో."

"ఫోన్ల చెప్తే నడ్వది కాక. అందరు సూసే తాన ఇంగ్లీషుల రాయాలె."

"నాకు ఇంగ్లీషు ఎర్కలేదు, ఇంగ్లీషుకు నేను ఎర్కలేను. మా ఇద్దరి నడుమ నువ్వున్నవ్ గదా. నర్సయ్య ఉన్నడు, కోసాడ్‌ల, అని జర నువ్వే రాయి."

"సరే కాక. రాస్త."

"మర్వకు. గీ డబ్బ పోతే నేను గూడ ఖాళీనే."

కరోనాకు గుడి మూసి ఉంది కనుక ఆ శనివారం సత్సంగం ఫోన్‌లోనే నడిచింది. అక్కడా మూడుసార్లు అడిగింది నేనే. నర్సయ్య కాక లైన్‌లోకి రావడం ఆలస్యమైతే ఆయన గొంతు వినబడేదాకా హారతి ఆపించాను. సోమవారం జట్టుకు రాశాను. ఎవరూ జవాబు ఇవ్వలేదు అని.

ఎందుకు? ఇన్నేళ్లు నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. బద్ధకమా? కొంత. అందరికీ కనబడేచోట ఆయన రాయలేదు కదా, నియమం ప్రకారం అది జవాబు కాదు కదా అని కొన్నాళ్లు వాదించుకున్నాను. ఆ వాదన నా ముందే నిలవలేదు. కింద మెట్ల మీద నుంచి ఎవరైనా తెలుగులో పలికినా హిందీలో పలికినా, ఊరికే దగ్గినా సరే, హారతి ఆపినవాణ్ని నేను. అసలు సంగతి సిగ్గు. దేశదేశాల వాళ్లు చదివే చోట, ఈ ప్రోగ్రాంకు మొదటి మనిషి, ఇప్పుడు దీన్ని ఆపుతున్న ఒకే ఒక్క మనిషి, కాలనీ గదిలో పసుపుబారిన డబ్బా ముందు కూర్చున్న మా కాక అని రాయడానికి సిగ్గుపడ్డాను. గుడి మెట్ల కథ రాసి మెప్పు పొందిన చేత్తోనే, ఆ మెట్ల మీద నిలబడ్డ మనిషిని దాచాను. మావాళ్ల గురించి గర్వపడ్డాననుకున్నాను. నిజానికి మావాళ్ల కథ చెప్పే నన్ను చూసుకుని గర్వపడ్డాను. ఈ రెండింటి తేడా తెలియకుండానే నేను అన్ని శ్లోకాలు వల్లించానా?

పాత ప్రాసెసర్లను వదిలేశాక వచ్చిన కొత్త వెర్షన్‌లో బొమ్మలను భద్రపరిచే పద్ధతి మారింది. మగ్గాలవాళ్లు పంపే కొత్త డిజైన్లు నర్సయ్య కాక కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. పాత డిజైన్లతో కొన్ని నెలలు నెట్టుకొచ్చాడు. తర్వాత పని రావడం ఆగిపోయింది. యంత్రాన్నీ డబ్బానూ ఒకే రోజు భంగార్‌కు, అంటే పాత సామాన్లవాడికి వేసి, ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు కుదిరాడు.

గుడి మళ్లీ తెరిచిన మొదటి శనివారం మా వెనక వరసలోంచి ఒకాయన ఎగతాళికి అన్నాడు. "ఏంది నర్సన్నా, మన పోరడే నీ మిషిన్‌కు మట్టి పోసిండంట గదా."

"వాడేం జేస్తడు," అన్నాడు కాక, మద్దెల బిగిస్తూ. "నా పేరు రాసిండు. గంత పెద్ద దునియాల ఒక్కని పేరు ఏడ నిలుస్తది?"

నేను మెట్ల దగ్గరే ఉన్నాను. విన్నాను. హారతి ముందు మూడుసార్లు అడగాలి. ఆ రోజు రెండుసార్లే అడిగాను. ఎవరూ గమనించలేదు.

మొన్నీమధ్య ఆగలేక, పాత ప్రాసెసర్ మీద కొత్త డిజైన్లు తెరుచుకునేలా ఒక వెర్షన్ ఒక్కణ్నే కూర్చుని చేశాను. తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిదే రోజులు. మంచి పని అది, శుభ్రంగా నడిచింది, చూసి నా గుండె ఉప్పొంగింది కూడా. ఆ వెంటనే, దాన్ని వేయడానికి నేను ఎరిగిన డబ్బా ఒక్కటీ మిగల్లేదని గుర్తొచ్చింది.

పోయిన వారం ఆ వాక్యం కింద అందరికీ కనబడేలా ఇంకో రెండు వాక్యాలు చేర్చాను. "నర్సయ్య అనే మనిషి జవాబిచ్చాడు. రాస్తానని మాటిచ్చి నేను రాయలేదు." తర్వాత ఇచ్ఛాపూర్ వెళ్లాను. మధ్యాహ్నం ఎండ. కాక గేటు దగ్గర రిజిస్టర్ ముందు కూర్చున్నాడు. అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. ఎక్కడ రాశావో చూపించమన్నాడు. ఫోన్ అందించాను. తన పేరు ఏదని అడిగి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు చూశాడు, ఒకప్పుడు అట్టల మీద చిల్లులు తడిమినట్టే.

"కోసాడ్ ఏది?" అన్నాడు.

లేదన్నాను.

"రాయుమన్న గదా," అన్నాడు. ఇంతలో లారీ వచ్చింది. నంబరు రాసుకోవడానికి లేచాడు. మళ్లీ నా వైపు చూడలేదు.

అక్కడే నిలబడి కోసాడ్ అని చేర్చాను.

ఈ శనివారం ఆయన రాలేదు. డ్యూటీ పడిందో, రాబుద్ధి కాలేదో నాకు తెలియదు. మద్దెల లేకుండానే పారాయణం అయింది. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. ఇంకెవరన్న ఉన్నరా? మూడుసార్లు అడిగాను, పూర్తిగా మూడుసార్లు. ప్రతిసారీ ఆగి విన్నాను. కింద నుంచి ఎవరూ పలకలేదు. ఎవరూ లేరని పైకి చెప్పాను. ఈసారి అది నిజం.