పెద్దమ్మ పొలంలో మడ మొక్కలు

బట్టలు ఉతికిన సబ్బు నీళ్ళు పెరటి కాలువలో పారబోసి, బకెట్ బోర్లించి, కుచ్చెళ్ళు దించుకుంటున్నాను. పారబోసిన నురగ నా కాళ్ళ దగ్గరికి తిరిగి వచ్చింది. వాన లేదు, మబ్బు లేదు, పొద్దున పది గంటల ఎండ. కాలువ ఇంటి నుంచి బయటికి పోవాలి. అది ఇంటివైపు వస్తోంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. చిన్నవాడు వంటింటి గడప మీద కూర్చుని పాలు తాగుతున్నాడు. వాడిని ఎత్తుకెళ్ళి మంచం మీద పడేశాను. నాకు ఏడుపు తర్వాత వచ్చింది.

సునామీ నాటికి నేను కాలేజీలో చదువుతున్నాను, పోర్ట్ బ్లెయిర్‌లోనే, డాలీగంజ్‌లో మా నాన్నగారింట్లో ఉండి. అల వచ్చిపోయింది, అందరూ దాని గురించే మాట్లాడారు. మా దీవిలో భూమే కిందికి దిగిపోయిందన్న సంగతి మెల్లగా తెలిసింది. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల లోతట్టు వరిపొలాల్లోకి పోటు సమయంలో సముద్రం రావడం, పాటు సమయంలో వెనక్కి పోవడం మామూలైపోయింది. పెళ్ళయ్యాక అలాంటి పొలం పక్కనే మేం ఇల్లు కట్టుకున్నాం. నేల చవగ్గా వచ్చింది. ఎందుకంత చవగ్గా వచ్చిందో అడగాలని తెలియక కాదు, అడగదలుచుకోలేదు.

ఆ పొలం పెద్దమ్మది. చుట్టం కాదు, వీధంతా అలాగే పిలుస్తాం. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తకోడలిగా ఓడెక్కి వచ్చిన మనిషి. భర్త పోయాడు. మాకు రెండిళ్ళ అవతల మిట్ట మీద ఉంటుంది. బడి నుంచి వచ్చాక నా పిల్లలు ఆమె ఇంట్లోనే తిని, ఆమె ఇంట్లోనే ఆడేవారు. పొలంలో మొలలోతు ఉప్పునీళ్ళు నిలుస్తున్నా ఏటా ఎండాకాలంలో కూలీలను పెట్టి గట్టు వేయించేది. గట్టు నిలిస్తే నాలుగు వానాకాలాలకు ఉప్పు కడుక్కుపోతుందని ఆమె నమ్మకం. ఏటా గట్టు తెగేది.

మా వీధి ఆడవాళ్ళ బృందానికి నేను పెద్దని. దరఖాస్తు రాయడం నాకొక్కదానికే వచ్చు కాబట్టి. ప్లాస్టిక్ సంచులు మానిపించాం, వాన నీళ్ళకు డ్రమ్ములు పెట్టించాం. చప్పట్లు కొట్టారు. ఎవరికీ ఏమీ పోని పనులకు చప్పట్లు కొట్టడం సులువు.

నురగ వెనక్కి వచ్చిన నెలలోనే మడ చెట్లు పెంచుదామన్నాను. మడ అడవి ఉంటే పోటు విసురు తగ్గుతుందని చదువుకున్నాను. మెయిన్‌లాండ్ నుంచి ఎవరో పర్యావరణం వాళ్ళు బ్యానరూ టోపీలూ తెచ్చి, ఫోటోలు తీసుకుని మధ్యాహ్నం ఫ్లైటుకి వెళ్ళిపోయారు. మునగకాడల్లా వేలాడే మడ విత్తులు మేమే ఏరుకొచ్చి, పాటు వేళ బురదలో గుచ్చాం. పెద్దమ్మ పొలంలోనే గుచ్చాం. సముద్రానికీ మా ఇంటికీ మధ్య ఉన్నది అదొక్కటే. ఆమె ఆ వారం షాదీపూర్‌లో కూతురింటికి వెళ్ళింది. అందుకే ఆ వారం పెట్టుకున్నాం. అడిగితే వద్దంటుందని నాకు తెలుసు.

ఆమె వచ్చిన నాలుగు రోజులకు వరసలు వరసలుగా మొక్కలు నీళ్ళలో తేలాయి. పీతలన్నారు, మేకలన్నారు. ఒకరోజు పొద్దున నేనే చూశాను. పెద్దమ్మ చీర పైకి దోపుకుని మోకాలి లోతు నీళ్ళలో వంగి, ఒక్కొక్కటే పీకుతోంది.

"పెద్దమ్మా, ఏం చేస్తున్నావు?"

"కలుపు తీత్తన్నాను. కనబడ్డం లేదేటి?"

"అది కలుపు కాదు. మన ఇళ్ళకి కాపలా."

"మీ ఇంటికి. నా ఇల్లు మిట్ట మీదుంది." తల ఎత్తలేదు. "సవగ్గా వొచ్చిందని గుంటలో ఇల్లు కట్టుకున్నది మీరు. మీ గుంటకి కాపలాకి నా పొలం కావాలేటి?"

"పొలం ఎక్కడుంది పెద్దమ్మా? చేపలు తిరుగుతున్నాయి."

అప్పుడు నిటారుగా నిలబడింది. చేతిలో మొక్కల కట్ట నా కాళ్ళ ముందుకు విసిరింది. బురద నా చీర మీద పడింది.

"కాలేజీ సదివిన నోరు! బేనరుకి సోటుంది, పోటోకి సోటుంది, పెద్దమ్మా అని ఒక్క మాటకి సోటు లేదు. మడసెట్టు లేసిందంటే ఫారెస్టోళ్ళు బోర్డు పాతుతారు. ఆ మీదట నేను పార దించితే కేసు. నేను సచ్చేలోగా ఇందులో ఒక్కసారి నారు ఎయ్యాల. నీకేటి తెలుసు?"

మా బృందంలోని పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఛోడో దీదీ, బుఢియా హై. వదిలెయ్."

"ముసలామె అని వదిలెయ్యాలా? పిల్లలు మునిగాక వదుల్తాను," అన్నాను, పెద్దమ్మకు వినబడేలా.

"మునుగుతామని బయమైతే ఎల్లిపోండి. నేనేటి గొలుసేసి కట్టినానా?"

ఇంట్లోకి వచ్చి, బురద చీరతోనే కూర్చుని, ఇంగ్లీషులో దరఖాస్తు రాశాను. ఫలానా చోట మడ మొక్కలు సహజంగా మొలిచాయి, కొందరు పీకేస్తున్నారు, కాపాడండి అని. సహజంగా అన్న మాట దగ్గర కలం ఆగలేదు. పెద్దమ్మ చెప్పిన భయమే నాకు దారి చూపించింది. బస్సెక్కి వెళ్ళి ఫారెస్టు ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని వచ్చాను.

నిన్న పొద్దున ఫారెస్టువాళ్ళు ఇద్దరు వచ్చారు. నిలిచి ఉన్న మొక్కలు లెక్కపెట్టారు. రెండు ఇనప గొట్టాలు పాతి బోర్డు బిగించారు. పెద్దమ్మ తన మెట్ల మీద నిలబడి చూసింది. చూసి లోపలికి వెళ్ళిపోయింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను, సమాధానాలు కూడా అనుకున్నాను. బృందంలో సగం మంది నన్ను చూసి తలుపులేసుకున్నారు. బోర్డు పెట్టిన గంటకే పోటు వచ్చి మా పెరటి మెట్టు తాకి వెళ్ళింది. ఆ జానెడు మొక్కలు దేన్నైనా ఆపడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

సాయంత్రం మా పాప బడి నుంచి అలవాటుగా పెద్దమ్మ ఇంటికే వెళ్ళి, ఏమీ తినకుండా తిరిగి వచ్చింది. "అమ్మా, మామ్మ ఏడుస్తోంది. ఎవరో కాగితం రాసి ఆమె పొలం తీసేసుకున్నారంట. ఎవరమ్మా?"

అన్నం తినమన్నాను. రాత్రంతా ఆ ప్రశ్న ఇంట్లో ఉంది.

ఈ రోజు పొద్దున ఇద్దరికీ బూట్లు తొడుగుతూ చెప్పాను. "కాగితం రాసింది అమ్మే. చెట్లు వాటంతట అవి మొలవలేదు, నేనే నాటాను. వాటంతట అవే మొలిచాయని అబద్ధం రాశాను. మనింట్లోకి నీళ్ళు రాకూడదని రాశాను. ఇక మామ్మ ఇంటికి వెళ్ళకండి. దారిలో కనిపించి ఏమన్నా అంటే ఎదురు చెప్పకండి, మాట పడండి."

"నువ్వు సారీ చెప్పావా?" అంది పాప.

"లేదు," అన్నాను. "చెప్పను. లేవండి, బస్సు వస్తుంది."