ఆకుపచ్చ చీము ఎక్కణ్ణించి వచ్చింది

1979 వానాకాలం. వరంగల్‌లో ఒక చిన్న ప్రసూతి దవాఖానలో నేను లాబ్ టెక్నీషియన్‌ని. లాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక ఇంక్యుబేటర్. ఇంక్యుబేటర్ అంటే లోపల ఎప్పుడూ ఒంటి వేడంత వెచ్చగా ఉండే పెట్టె, సూక్ష్మజీవులు పెరగడానికి. కరెంటు పోతే అదీ చల్లబడేది.

ఊళ్ళోనే ఉన్న కాశిబుగ్గ నుంచి వచ్చిన భాగ్య అనే అమ్మాయికి సిజేరియన్ అయిన ఐదో రోజున కుట్ల దగ్గర చీము పట్టింది. ఆమె భర్త మగ్గం నేసే మనిషి. అది మామూలు చీము కాదు. ఆకుపచ్చగా ఉండి, బాగా మగ్గిన పండు వాసన వేసింది. జ్వరం దిగడం లేదు. పక్కనే పసిపాప ఏడుస్తుంటే ఎత్తుకునే ఓపిక కూడా ఆ పిల్లకు లేదు. నెలలో ఇలాంటి కేసు ఇది మూడోది. డాక్టరమ్మ నన్ను పిలిచి, తాను ఒక పక్క మందులిస్తుంటే ఇంకో పక్క నుంచి రోగం వచ్చి పడుతున్నదనీ, అది ఎక్కణ్ణించో తేల్చకపోతే ఈ పిల్ల దక్కదనీ అన్నారు.

పుల్లకు చుట్టిన దూదిని స్వాబ్ అంటాం. దాంతో చీము తీసి, అగర్ ప్లేటు మీద, అంటే జున్నులా గడ్డకట్టిన ఆహారం మీద రాస్తే, అందులోని జీవి మర్నాటికి మచ్చలు మచ్చలుగా పెరిగి కనిపిస్తుంది. భాగ్య ప్లేటు తెల్లారేసరికి ఆకుపచ్చగా మారింది. సూడోమొనాస్ అనే సూక్ష్మజీవి. తడి ఉన్నచోటల్లా బతికే మొండిఘటం.

తడి అంటే ముందు నీళ్ళే కదా అని నల్లాలతో మొదలుపెట్టాను. తొట్లు, సబ్బులు, కత్తెరలు, చేతి తొడుగులు, ఆటోక్లేవ్‌లో ఆవిరితో శుద్ధి చేసిన గుడ్డలు, ఏదీ వదల్లేదు. చివరికి డాక్టరమ్మ గోళ్ళు. ఆమె చేతులు చాపారు గానీ, అప్పుడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. గాయాలు తుడిచే లోషన్ కూడా స్టోర్లో డబ్బా తెరిచి మరీ చూశాను. అన్నీ శుభ్రం. పచ్చ రంగు ఆ అమ్మాయి ప్లేటులో తప్ప ఎక్కడా లేదు.

నాకు మతిపోయింది. ప్లేట్లు పాడయ్యాయా, నా పనే తప్పా, ఏమీ తోచలేదు. ఒకరోజు నా ముక్కులో నేనే స్వాబ్ పెట్టుకున్నాను. అక్కడా లేదు! బయట మెట్ల దగ్గర భాగ్య అత్త రోజూ నిలబడేది.

"ఏమన్న దొరికిందా సారూ? కోడలు బతుకుతదా?"

ప్లేట్లు చూస్తున్నానమ్మా అనేవాణ్ణి. నేను ప్లేట్లు చూస్తే తన కోడలు ఎట్లా బతుకుతుందో ఆమెకు అర్థమయ్యేది కాదు. నిజం చెప్పొద్దూ, ఆ వారం నాకూ అర్థం కాలేదు.

వెతుకులాట మొదలైన ఎనిమిదో రోజున నా బల్ల తుడిచే లోషన్ అయిపోయింది. వార్డుకు వెళ్ళి ఆయా ఎల్లవ్వను కాస్త పోయమన్నాను. యాభై దాటిన మనిషి, పనిలో వంక పెట్టడానికి ఉండదు. గాయాలకు కట్లు కట్టే సామాను బండి ఆమె చేతిలోనే ఉండేది. దాని మీది గోధుమరంగు సీసా వంచి నా గిన్నెలో కొంచెం పోసి ఆపేసింది. ఇంకాస్త పొయ్యమంటే సీసా వెనక్కి తీసుకుంది.

"అడుగున జర ఉండాలె సారూ. ఇంట్ల ఉప్పుకుండ ఊడ్చుకుంటమా? ఇది గూడ గంతే. మూడేండ్ల సంది దీన్ని ఒక్కనాడు ఖాళీ కానియ్యలే."

సరేనని తలూపి రెండడుగులు వేసి ఆగిపోయాను. నేను డబ్బాలోది చూశాను గానీ సీసాలోది చూడలేదు. పాత లోషన్ మీదే కొత్తది, దాని మీద నీళ్ళు, మూడేళ్ళుగా. జీవుల్ని చంపాల్సిన మందులోనే జీవులు కాపురం పెడతాయని నా బుర్రకు తట్టనేలేదు. గిన్నెలోంచి రెండు చుక్కలు ప్లేటు మీద వేశాను. మర్నాడు ఆ రెండు చోట్లా పచ్చటి మచ్చలు. ప్లేటు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

సీసాల్లోది పారబోసి, సీసాలు ఉడకబెట్టించాం. ఏ రోజుకా రోజు కొత్తగా లోషన్ కలపడం మొదలైంది. గాయానికి మరగబెట్టిన ఉప్పునీళ్ళు, దానికి తోడు ఇంజెక్షన్లు. మూడు వారాలకు భాగ్య పాపను తనే ఎత్తుకుని ఇంటికి పోయింది. ఆ రోజు వాళ్ళ అత్త నా చేతులు పట్టుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు.

ఆ సాయంత్రమే ఎల్లవ్వ లాబ్‌కు వచ్చింది. ఆమెను ఎవరూ తిట్టలేదు. ప్లేటు చూపించమంది. చాలాసేపు చూసింది.

"గీ పచ్చది నా సీసలదేనా?"

అవునన్నాను.

"మరి ఇంతకు ముందు చీము పట్టినోళ్లు? రఘునాథపల్లి పిల్లను ఇంటికి తోలుకపోయిన్రు. మళ్ల రానే లేదు."

ఆ అమ్మాయి చీము ఎవరూ నా దగ్గరకు పంపలేదు. తెలియదు ఎల్లవ్వా అన్నాను. అది నిజమే గానీ, ఆమె నమ్మినట్టు లేదు.

"లోషన్ ఇంత, నీళ్లు ఇన్ని అని కొలత నువ్వే చెప్పినవు గద బిడ్డా. అడుగుది పారబొయ్యుమని గా ఒక్క మాట గూడ చెప్తే, పారబొయ్యకపోదునా?"

కోపంతో అన్నది కాదు. తెలుసుకుందామని అడిగింది. కొలత చెప్పింది నేనే.

తరవాత చాలామంది ట్రెయినీలకు పని నేర్పాను. కొలత చెప్పి ఊరుకోను. రోజూ ఎట్లా చేస్తావో నా ముందు చేసి చూపించమంటాను. ఆ వారం దవాఖానలో అందరి చేతులూ స్వాబ్‌తో తుడిచి చూశాను. పని చేస్తున్నప్పుడు ఎల్లవ్వ చేతుల్ని ఒక్క పూట నిలబడి చూసి ఉంటే మొదటిరోజే తేలేది. రఘునాథపల్లి అమ్మాయి పేరు, ఇంటి గుర్తు రిజిస్టరులో ఉన్నాయి. బస్సెక్కితే గంట దారి. వెళ్ళి కనుక్కోవాలని ఎన్నోసార్లు బయలుదేరబోయాను. ధైర్యం చాల్లేదు, వెళ్ళలేదు.